బానల మీద ఇసక

పోయిన నెలలో నాకొక కవరు వచ్చింది. పైన యూనివర్సిటీ ముద్ర చూసి మా కోడలు, ఈ వయసులో మావయ్యగారికి డిగ్రీ ఏమైనా పంపించారేమో అని నవ్వింది. విప్పి చూస్తే అది రాయగడలో ఉన్న మా పాత హాలు సంగతి. ‘మా’ అని ఎందుకన్నానో నాకే తెలియదు, ఆ హాలు ఎన్నడూ మాది కాదు, ఎస్టేటుది, తరవాత సర్కారుది. ఇప్పుడు యూనివర్సిటీ వారు దాన్ని తీసుకుని, కప్పు మార్చి, గోడలకు సున్నం వేయించి, తమ సంగీత విభాగానికి కచేరీల హాలుగా చేసుకున్నారట. మరమ్మతుల్లో వేదిక పలకలు ఎత్తితే కింద నిండా ఇసక, ఆ ఇసకలో మూతులు పైకి పెట్టి వరసగా పేర్చిన ఇరవై రెండు పెద్ద మట్టి బానలు కనిపించాయట. ఇసక తీసి, బానలు కడిగి, పలకలు తిరిగి బిగించేసరికి మైకు లేకుండా చిట్టచివరి వరస దాకా గొంతు వినిపిస్తోందట. ఈ ఏర్పాటు చేసిన మహానుభావులెవరు, దీన్ని ఇలా పూడ్చిపెట్టిన వారెవరు, ఆ రోజుల్లో హాలు చూసుకున్న వారి అబ్బాయిగా మీకేమైనా తెలిస్తే ప్రారంభోత్సవానికి వచ్చి నాలుగు మాటలు చెప్పండి, శాలువా కప్పుతాము అని రాశారు. ఉత్తరం మడిచి మందుల డబ్బా కింద పెట్టాను. ఏమనిపించిందని అడిగితే, ఏమీ అనిపించలేదు. ఆ పూట అన్నం కూడా ఎప్పటిలాగే తిన్నాను.

ఏర్పాటు చేసిన వారి సంగతి నాకు తెలిసింది కొంచెమే. పూడ్చినవాడి సంగతి మాత్రం పూర్తిగా తెలుసు. ఆ పుణ్యాత్ముణ్ణి నేనే. శాలువా కప్పించుకుంటూ ఆ మాట మైకులో చెప్పలేను కనక, మైకు కూడా అక్కర్లేదంటున్నారు కనక, నా ఈడు వాళ్ళు మీరెవరైనా ఉంటే మీకు చెప్పుకుంటున్నాను.

మా నాన్నగారి తాత విజయనగరం వైపు నుంచి ఎస్టేటు కొలువులో చేరి కొండలెక్కినవాడు. అప్పటినుంచి మా ఇంట్లో మగవాళ్ళందరికీ పుట్టుకతోనే చెవి మీద కలం మొలిచేది. నాన్న చేతిలో మాత్రం కలంతోపాటు తాళాల గుత్తి కూడా ఉండేది, ఎందుకంటే ఆయన రాయగడలో ఎస్టేటు వారి సంగీత మహలుకు అధికారి. అధికారి అంటే పెద్ద మాటేలెండి. దసరా పది రోజులూ వచ్చే విద్వాంసులకు బస, పాలు, మిరియాలు చూడటం, మిగతా మూడు వందల యాభై రోజులూ గబ్బిలాలను తోలటం. పొడుగాటి హాలు, ఆ చివర నడుమెత్తు వేదిక, ఈ చివర గుమ్మం, రెండు పక్కలా మేడ వసారాలు. ఆడవాళ్ళు మేడ మీద వెదురు తెరల వెనక కూర్చుని వినాలి, తెర తొలగించకూడదు, శభాష్ అనకూడదు, గాజులు కూడా చప్పుడు కాకూడదు. మా అమ్మ కచేరీకి వెళ్ళేముందు గాజులు మోచేతి దాకా పైకి తోసుకుని పైన గుడ్డ కట్టుకునేది. అప్పుడది మాకు వింతగా అనిపించలేదు.

హాలు గొప్పంతా వేదిక కింద ఉండేది. సాలకర్ర పలకల కింద, గడ్డితో పేనిన కుదుళ్ళ మీద, ఒకదానికొకటి తగలకుండా ఇరవై రెండు బానలు. పైన పాడే గొంతుకు కింద అవి పలికేవి. ఎవరు పెట్టించారో నాన్నకూ తెలియదు, ఆయన ముందటి అధికారి ఆయనకు అప్పగించాడు, అంతే. ప్రతి దసరాకీ ముందు వాటిని ఒక్కొక్కటే వేళ్ళతో కొట్టి చూడాలి, బీట వారినదాని బదులు కొత్తది పెట్టాలి. సందులోంచి దూరి ఆ పని చేసేది మా అక్క. నాకంటే నాలుగేళ్ళు పెద్ద, వెదురుబద్దలా ఉండేది. నాకు పాములంటే భయం, నేను బయటే ఉండి దీపం పట్టుకుంటానని చెప్పి ఆ దీపం కూడా గుమ్మంలో పెట్టి పారిపోయేవాణ్ణి. నాన్న పైన పలకల మీద చెవి ఆనించి పడుకుని, “పలికిందా అమ్మీ?” అని అడిగేవారు. కిందనుంచి అక్క, “పలికింది నాన్నా... ఇది మటుకు జలుబు చేసినట్టుంది” అనేది. జలుబు చేసినవాటిని సంతకు వచ్చే కుమ్మరికి చూపిస్తే అతను దాని తలమీద ఒకటి మొట్టి, “నిజివే బాబూ, అమ్మిగోరి సెవి తప్పు సెప్పదు, ఈ బాన పాడైపోనాది” అని కొత్తది తెచ్చేవాడు.

పాటలు ఆమెకు ఎవరూ నేర్పలేదు. తెర వెనక విని, బానల దగ్గర పాడి నేర్చుకుంది. అక్కడ పాడితే తప్పు కాదని ఎవరు చెప్పారో, తనకు తనే చెప్పుకుందో.

నాకు ఆరేళ్ళప్పుడు, ముప్పై ఆరో సంవత్సరం ఏప్రిల్లో, ఒక పొద్దున్న లేచేసరికి విశాఖపట్నం జిల్లా వాళ్ళం కాస్తా ఒరిస్సా వాళ్ళమైపోయాం. మేం కదలలేదు, మా ఇల్లు కదలలేదు, నాగావళి కూడా ఎక్కడ పారుతోందో అక్కడే పారుతోంది. అయినా నాన్న నలభయ్యో ఏట మా చిన్న పలక తీసుకుని ఒడియా అక్షరాలు దిద్దుకున్నారు. అక్షరాలు గుండ్రంగానే ఉన్నాయి, మనవాటికి దగ్గర చుట్టాలే అని తనకు తనే ధైర్యం చెప్పుకునేవారు. హాలు పైన తెలుగు పలక దించి ఒడియా పలక పెట్టారు. పగలు ఒడియా బడి అందులో నడిచేది, దసరాకు బల్లలు బయట పడేసి కచేరీలు పెట్టేవారు. ఒకే హాలు పొద్దున్న ఎక్కాలు వల్లించేది, సాయంత్రం స్వరకల్పన వినేది. దానికేం అభ్యంతరం ఉన్నట్టు కనిపించలేదు.

నలభై రెండులో విశాఖపట్నం మీద బాంబులు పడ్డప్పుడు, రైలు నిండా జనం రాయగడ వచ్చి దిగారు. బడి మూసి హాల్లో పదిహేను కుటుంబాలను పెట్టారు. చీరలు అడ్డం కట్టి ఇళ్ళు చేసుకున్నారు. ఒకరి ఇంగువ వాసనకు ఒకరి పిల్లలు ఏడ్చేవాళ్ళు. నాన్న ఎవరినీ ఏమీ అనలేదు కానీ వేదిక మీద మాత్రం పొయ్యి పెట్టనివ్వలేదు. అందువల్ల ఆ ఊరు కాని ఊళ్ళో ఒక బాలింతను, పుట్టి మూడు రోజులైన బిడ్డతో సహా, గాలి తగులుతుందని వేదిక మీద పడుకోబెట్టారు. బిడ్డ గుక్కపెట్టి ఏడుస్తోంది, తల్లికి జ్వరం, మిట్టమధ్యాహ్నం ఎండ పెంకుల్లోంచి దిగుతోంది. అన్నం పట్టుకెళ్ళిన మా అక్క గిన్నె కింద పెట్టి, బిడ్డను ఒళ్ళో వేసుకుని, అక్కడే కూర్చుని జోల ఎత్తుకుంది. అప్పటికి ఆమెకు పదహారేళ్ళు, పెళ్ళయింది, ఇంకా కాపురానికి వెళ్ళలేదు. నేను గుమ్మంలో ఉన్నాను. ఆ పాట పెద్ద పాటేం కాదు, మన ఇళ్ళల్లో అందరూ పాడేదే. కానీ అది నా పక్కన నిలబడి పాడినట్టు వినిపించింది. చీరల వెనక గిన్నెల చప్పుడు ఒక్కొక్కటే ఆగిపోయింది. నాన్న చెప్పులు చేతిలో పట్టుకుని వచ్చి నా వెనక నిలబడ్డారు.

ఇంటికి వెళ్తూ అక్క నా చెయ్యి పట్టుకుని, “నా గొంతు నాకే ఎదురొచ్చిందిరా తమ్ముడూ” అంది. ఆ వేళ ఆమె నడవలేదు, గెంతింది. నాన్న మటుకు అమ్మతో, ఇది తెర వెనక కూర్చోవలసిన గొంతు కాదు అన్నారు. ఆ మరుసటి దసరాకు ఆమె చేత ఒక్క గంట పాడిద్దామని ఎస్టేటు పెద్దలను అడిగారు కూడా. మన ఇళ్ళ ఆడపిల్లలు వేదికెక్కి పాడటమేమిటని వాళ్ళు నవ్వి ఊరుకున్నారు. యుద్ధం వల్ల ఆ యేడు ఎలాగూ కచేరీలే లేవు.

యుద్ధం తరవాత హాలు ధాన్యం గిడ్డంగి అయింది. కప్పు దాకా బస్తాలు, పందికొక్కులు, వాటి వెనక పాములు. ఒక్క బస్తా కూడా వేదిక మీద పెట్టడానికి వీల్లేదని నాన్న గుమస్తాలందరితో పోట్లాడి చెడ్డపేరు తెచ్చుకున్నారు. ఆ తరవాత ఎస్టేట్లు రద్దయ్యాయి. నాన్న తాళాల గుత్తి సర్కారు వారికి అప్పగించి ఇంటికొచ్చి, ఏడాది తిరక్కుండానే పోయారు. అక్క అప్పటికి రాయగడలోనే కాపురం ఉంది, మా బావ స్టేషన్లో పార్సెలు గుమస్తా. నోట్లో నాలుక లేని మనిషి, పెళ్ళాం పాడుకుంటూంటే కూర మాడిపోయినా లొట్టలేసుకు తినే మనిషి.

నేను కటకంలో ఓవర్సీరు చదువు చదివి, తిరిగి తిరిగి రాయగడకే వచ్చాను. సర్కారు భవనాలన్నీ నా కింద. నాన్న అప్పగించిన ఆ గుత్తి, అదే గుత్తి, నా చేతికి వచ్చింది. ఊళ్ళో వాళ్ళు తండ్రి పేరు నిలబెట్టాడన్నారు. నాకు మాత్రం నాన్న బానల గోల గుర్తొస్తే సిగ్గుగా ఉండేది. చదువుకున్నవాణ్ణి కదా, శబ్దం కప్పు వల్ల, గోడల వల్ల వస్తుంది కానీ కుండల వల్ల వస్తుందా అని మా తోటివాళ్ళ ముందు నేనే నవ్వేవాణ్ణి.

ఆ రోజుల్లో హాలు యూనివర్సిటీ పరీక్షలకు కేంద్రం అయింది. వేదిక మీద పరీక్షాధికారి బూట్లు వేసుకుని పచారు చేస్తే కింద బానలు డోలు వాయించినట్టు మోగేవి, పిల్లలు ఉలిక్కిపడి సిరా ఒలకబోసుకునేవారు. పరీక్షలు మరో వారంలో ఉన్నాయనగా మా పై ఇంజనీరు, ఆ చప్పుడుకు ఏదో ఒకటి చెయ్యవయ్యా అని నోటి మాటగా అన్నాడు. నేను ఎనిమిది బళ్ళ నాగావళి ఇసక తెప్పించాను. మేస్త్రి పలకలు ఊడదీసి బానలు చూసి నిలబడిపోయాడు. “బాబూ, నిచ్చేపంలాటి బానలు. తీసీమంటారా, ఉంచీమంటారా?” అన్నాడు. ఉండనీ, పైనుంచి పోసెయ్ అన్నాను. మొదటి గంప బానలో పడ్డప్పుడు ఒక మూలుగులాంటిది వచ్చింది, తరవాత రాలేదు. నిజం చెప్పాలి కదా, అప్పుడు నాకు అక్క గుర్తొచ్చింది, కింద దూరి వేళ్ళతో కొట్టి చూసే అక్క. ఇప్పుడు ఇక్కడ ఎవరు పాడతారులే అనుకున్నాను. ఒక్క పూటలో పని అయిపోయింది. పరీక్షలు సద్దు లేకుండా జరిగాయి, పై ఇంజనీరు నా భుజం తట్టాడు.

రెండేళ్ళకు రేడియో వాళ్ళు కొత్త గొంతుల కోసం మా వైపు ఊళ్ళకు వస్తున్నారని బావ స్టేషన్లో విని పరుగున వచ్చి చెప్పాడు. అక్కకు ముప్పై రెండేళ్ళు, ఇద్దరు పిల్లలు. దరఖాస్తు నేనే నింపాను. రేడియోలో పాడితే తెర ఉండదు, మేడ ఉండదు, ఎవరింట్లో వాళ్ళు ఎదురుగా కూర్చుని వింటారు కదురా అని పదిసార్లు అడిగింది. నెల రోజులు పొద్దున్నే లేచి కాంభోజి సాధన చేసింది. బావ సెలవు పెట్టి పిల్లలకు తలంట్లు పోశాడు, పప్పు మాడబెట్టాడు, అన్నీ చేశాడు. ఆవిడ జీవితంలో తనకోసం అడిగింది అదొక్కటే, అది మా అందరికీ తెలుసు.

రేడియో వాళ్ళ గుమస్తా ముందుగా వచ్చి, నిశ్శబ్దంగా ఉండే చోటు కావాలి, బడి గది సరిపోతుందా అని నన్ను అడిగాడు. బడి గది ఎందుకండీ, మా హాలుంది, మైకు అక్కర్లేదు, మా నాన్నగారు ఇరవై ఏళ్ళు చూసుకున్న హాలు అని నేను ఛాతీ విరుచుకుని చెప్పాను. ఇసక పోయించిన సంగతి ఆ క్షణాన నాకు గుర్తు లేదు. నిజంగానే లేదు, నమ్మితే నమ్మండి, లేకపోతే లేదు. ఇప్పటికీ నేనే సగం నమ్మను.

ఎవరు పాడుతున్నారో తెలియకూడదని ఆ పెద్దలు గుమ్మం వైపు చివర గుడ్డ కట్టుకుని దాని వెనక కూర్చున్నారు. పాడేవాళ్ళు వేదిక మీద. అక్క వంతు వచ్చింది. మెట్లెక్కి కూర్చుని, తంబురా ఒళ్ళోకి తీసుకునేముందు అరచేత్తో పలకను ఒక్కసారి కొట్టింది. నాన్న కచేరీకి ముందు అలాగే కొట్టేవారు. పలక మీద చెయ్యి పడ్డ చప్పుడు అయింది, అంతే అయింది. అప్పుడు నాకు ఇసక గుర్తొచ్చింది. అక్క ఇంకోసారి కొట్టి చూసి, తల వంచుకుని శ్రుతి చేసుకుంది.

మొదటి ఆలాపన వేదిక దిగలేదు. ఆమెకు తెలిసిపోయింది, గొంతు పెంచింది. ఎప్పుడూ అలా పెంచి పాడిన మనిషి కాదు. తన గొంతు ఎదురు రావటం కోసం ఆగటం, రాకపోతే ఇంకా గట్టిగా తోయటం, మెడ నరాలు ఉబ్బటం నేను గోడవారనుంచి చూస్తున్నాను. పై పంచమం దగ్గర గొంతు చీలిపోయింది. గుడ్డ వెనక ఎవరో దగ్గారు, గంట కొట్టారు. చాలమ్మా, వెళ్ళచ్చు అన్నారు.

బయట వసారాలో స్తంభానికి ఆనుకుని నిలబడింది. నేను వెళ్ళేసరికి మొహం పాలిపోయి ఉంది.

“కింద ఏం చేసేవురా?”

“ఇసక పోయించేను.”

“ఎందుకు?”

“పరీక్షల్లో చప్పుడవుతోందని.”

ఆమె నన్ను తిట్టలేదు. కళ్ళు మూసుకుని పెద్ద ఊపిరి తీసుకుంది. “హమ్మయ్య, గొంతు పోయిందేమో అనుకున్నాను. ఇసకేనా! తీయించెయ్ మరి. వచ్చే ఏడాదో పై ఏడాదో మళ్ళీ వస్తారట” అంది. మొహంలోకి రంగు వచ్చింది. వెంటనే, పిల్లలు ఏం తిన్నారో ఏమో అని ఇంటికి నడిచింది. ఆవిడ నా మీద కోపగించుకుని ఉంటే నేను ఆ సాయంత్రమే తీయించి ఉండేవాణ్ణేమో.

ఇక్కడ మా వంశం సంగతి చెప్పాలి. నాలుగు తరాలు కొలువు చేసిన ఇల్లు మాది. కాగితం లేనిదే కాలు కదపం. ఎవరు చచ్చిపోయినా ముందు అర్జీ, తరవాత ఏడుపు. నేను మర్నాడే అంచనా వేసి, వేదిక కింద ఇసక తొలగించుటకు అనుమతి కోరుతూ కోరాపుట్లో పై ఆఫీసుకు పంపించాను. నాలుగు నెలలకు జవాబు వచ్చింది. సదరు ఇసక ఎవరి ఉత్తరువు మీద పోయబడినది, నకలు జతపరచుడు అని. ఉత్తరువు ఎక్కడిది! నోటి మాట చెప్పిన పై ఇంజనీరు బదిలీ అయిపోయాడు. నాకు ఆ ఏడు ప్రమోషను రావలసి ఉంది. నేనే నా అంతట పోయించానని రాస్తే సంజాయిషీ అడుగుతారు. రాయలేదు. ఆ కాగితాన్ని సొరుగులో పెట్టి తాళం వేశాను. పోయటానికి కాగితం అక్కర్లేకపోయింది, తీయటానికి కావలసి వచ్చింది.

“కాగితం వచ్చిందిరా?” అని అక్క కనబడ్డప్పుడల్లా అడిగేది, సంతలో అడిగేది, నాగులచవితికి పుట్ట దగ్గర పాలు పోస్తూ అడిగింది. వస్తుంది అక్కా అనేవాణ్ణి. మొదటిసారి ఆ అబద్ధం చెప్పటానికి కష్టమైంది, తరవాత కాలేదు.

రెండో వేసవిలో, పరీక్షలు అయిపోయిన ఆదివారం, నేను హాలు తాళాలు చూసుకోవటానికి వెళ్ళేసరికి అక్కా బావా మెట్ల మీద ఉన్నారు. రెండు గునపాలు, ఒక పార, రెండు గంపలు. విస్తరాకుల్లో పులిహోర కట్టుకొచ్చింది. పిల్లలను మా అమ్మ దగ్గర దింపి వచ్చారట.

“నువ్వేం చెయ్యద్దు. తాళం తీసి నీ పని చూసుకో. మేమే తోడేసుకుంటాం” అంది.

“సర్కారు ఆస్తి అక్కా. కాగితం లేకుండా ముట్టుకుంటే నా ఉద్యోగం పోతుంది.”

“ఎవరు చూస్తారురా? ఎదురింటి మేకలా?”

“కుదరదు.”

బావ గునపం గోడకు ఆనించి, పోనీలే, వాడి ఇబ్బంది వాడిది అన్నాడు. అక్క అతని మాట వినిపించుకోలేదు. నా జేబు వైపు చూసింది, జేబులో నా చెయ్యి గుత్తిని పట్టుకుని ఉంది. “నాన్న ఈ తాళాలు ఇరవై ఏళ్ళు పట్టుకున్నారు. ఎవరికి తియ్యనన్నారో ఒక్కళ్ళ పేరు చెప్పు” అంది. నేను చెయ్యి జేబులోంచి తియ్యలేదు. ఎండెక్కుతోంది. తరవాత ఆమె మెట్ల మీద కూర్చుని పొట్లం విప్పి, ముగ్గురికీ పులిహోర పెట్టింది. తిన్నాను. పులుపు సరిపోయిందా అని అడిగింది. సరిపోయిందన్నాను. ఆకులు మడిచి పారేసి, గునపాలు భుజాన వేసుకుని వాళ్ళు వెళ్ళిపోయారు. ఆ మర్నాటినుంచి ఆమె కాగితం సంగతి అడగలేదు.

ఆ శీతాకాలంలో రేడియో వాళ్ళు మళ్ళీ వచ్చారు, మళ్ళీ ఆ హాలుకే వచ్చారు. ఈసారి బడి గదిలో పెట్టించండని నేను అడగవలసింది. పోయినసారి మీరే కదా హాలన్నారు, ఇప్పుడేమైంది అంటారని అడగలేదు. అక్క పేరు రెండుసార్లు పిలిచారు. నేను సైకిలు వేసుకుని వాళ్ళింటికి వెళ్ళాను. అరుగు మీద కూర్చుని చేటలో బియ్యం ఏరుతోంది.

“పిలుస్తున్నారక్కా.”

“ఆ ఇసక మీద నేను కూర్చోలేనురా. ఇంక అడక్కు” అంది. రాళ్ళు ఏరుతూనే ఉంది. వచ్చినవాడివి ఎలాగూ వచ్చావు, మజ్జిగ తాగి వెళ్ళు అంది కూడా.

నాకు ప్రమోషను వచ్చింది. బావకు రాయపూర్ వైపు ఏదో చిన్న స్టేషనుకు బదిలీ అయింది, అరవై రెండో, అరవై మూడో. వాళ్ళు రైలెక్కిన రోజున స్టేషనులో అందరూ ఏడ్చారు, నేను సామాన్లు లెక్కపెట్టాను. అప్పటికే ఆమె పాడటం మానేసింది. ఒట్టు పెట్టుకుని మానలేదు, గొడవ చేసి మానలేదు. వంటింట్లో కూనిరాగం లేదు, పూజలో మంగళహారతి కూడా మాటల్లోనే చెప్పేసేది. తరవాత ఎన్నో పెళ్ళిళ్ళలో, పురుళ్ళలో కలిశాం. బాగానే ఉండేది, నా ఆరోగ్యం అడిగేది, నాకిష్టమని గుమ్మడి వడియాలు పంపించేది. నేను ఎన్నిసార్లో చెబుదామనుకున్నాను. వడియాలు అందాయని మాత్రం ఉత్తరం రాసేవాణ్ణి.

ఆమె పోయి పదేళ్ళు దాటింది. పదో రోజున అందరం కూర్చున్నప్పుడు, మీ అమ్మమ్మ కాంభోజి ఎత్తుకుంటే వీధిలో బళ్ళు ఆగేవి అని నేనెందుకో అన్నాను. మనవరాలు, పాతికేళ్ళ పిల్ల, నా మొహం కేసి చూసి, “అమ్మమ్మ పాడేదా తాతగారూ? మాకెవరికీ తెలీదే!” అంది. వాళ్ళమ్మ కేసి తిరిగి, నీకు తెలుసా అని అడిగింది. మా మేనకోడలు ఆలోచించి, చిన్నప్పుడెప్పుడో విన్నట్టు గుర్తు అంది. అంతే.

ఇప్పటి వాళ్ళకు ఈ బాధ లేదు. మా మునిమనవడు తుమ్మినా సెల్లులో పట్టి దాచుకుంటారు, ఊళ్ళో వాళ్ళకు పంపుకుంటారు. ఇసక తోడటానికి యూనివర్సిటీ వారికి యంత్రం ఉంది, రెండు గంటలు పట్టిందని ఉత్తరంలో రాశారు. ఆడపిల్లలు వేదిక మధ్యలో కూర్చుని పాడతారట, వాళ్ళ గొంతులు ఇంచక్కా ఎదురొస్తాయి. వెళ్ళమని మా కోడలు పోరుతోంది, కారు మాట్లాడతానంటోంది. నేను వెళ్ళను. అక్క గొంతు ఏ రేడియోలోనూ లేదు, ఏ పెట్టెలోనూ లేదు, ఆ రోజు జోల విన్నవాళ్ళలో నాకు తెలిసి మిగిలింది నేనొక్కణ్ణే. అందుకని ఈ నెల రోజులుగా పొద్దున్నే కుర్చీ వేసుకుని కూర్చుని గుర్తు తెచ్చుకోవటానికి ప్రయత్నం చేస్తున్నాను. పాట గుర్తుంది. ఒక్క మాట పోలేదు. ఎక్కడ ఆగేదో, ఎక్కడ బిడ్డ వీపు మీద తట్టేదో గుర్తుంది. గొంతు మాత్రం రావటం లేదు.